విద్యుత్పరికరములును వాని పెట్టెలును

కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలలలో విద్యుచ్ఛక్తి యనిన దీపములును పంకాలును మాత్రమే. ఇప్పుడన్ననో కంప్యూటరుల గది కలదు. ఇంటర్నెట్టును గదిగదికిని పంచిపెట్టు స్విచ్చి కలదు. ద్వారముకడ కెమేరాయు, దాని చిత్రములను దాచు రికార్డరును, కరెంటు పోయినప్పు డాదుకొను యు.పి.ఎస్.యు, నూతికడ మోటారునకు స్టార్టరును కలవు. ఈ వస్తువులను కొనునప్పుడు పదిమందిని విచారించి, ధరలు పోల్చి, హామీపత్రములు చదివి కొందురు. వానిని భద్రపరచవలసిన పెట్టెను మాత్రము చిట్టచివర మిగిలిన రూపాయలతో, అంగడిలో ముందు కంటబడినదానిని, తెచ్చి గోడకు బిగింతురు. ఈ సంవత్సరము తలిదండ్రులలో కొందరును, చుట్టుపట్ల పాఠశాలల యుపాధ్యాయులును ఈ పెట్టెల విషయమై మమ్ము ప్రశ్నించినందున, మాకు తెలిసినంతవరకు ఈ పత్రికలో వివరింప బూనితిమి.

పెట్టెకు పనులు మూడు. లోపలి వస్తువును బయటి దుమ్ము, నీరు, పురుగులనుండి కాపాడుట మొదటిది. బయటనున్న మనుష్యుని, ముఖ్యముగా పిల్లవానిని, లోపలి విద్యుత్తునుండి కాపాడుట రెండవది. లోపల పుట్టిన వేడిని బయటికి పంపుట మూడవది. కొనువారు సాధారణముగా మొదటిదానినే తలంతురు; అమ్మువారును దానినే పొగడుదురు. కాని మొదటిదియు మూడవదియు ఒకదాని కొకటి విరోధులు. దుమ్ము చొరని పెట్టెనుండి వేడియు సులభముగా వెలువడదు. గావున మంచి పెట్టె యేదని యడిగినవారికి మేము బదులుగా రెండు ప్రశ్నలు వేయుదుము: ఏ చోట పెట్టుదురు? ఏమి పెట్టుదురు?

ఈ సంగతి మన పెద్దల యిండ్లలో అందరు నెరిగినదే. పట్టుబట్టలకును దస్తావేజులకును భోషాణము. పాలు పెరుగులకు ఇనుపవల బిగించిన అలమారు. కాచిన పాలను భోషాణములో పెట్టి మూత వేసిన యిల్లాలు ఎచ్చటను లేదు. వల పిల్లిని ఆపును, ఈగను ఆపును, గాలిని మాత్రము పోనిచ్చును. చీమల కొరకు వల చాలదు గనుక నాలుగు కాళ్ల క్రిందను నీటిగిన్నెలు. శత్రువెవరో తెలిసికొని అడ్డు పెట్టుట యనగా ఇదియే.

పై తరగతుల విద్యార్థులు వాతావరణ పరిశీలనాలయముల బొమ్మలలో స్టీవెన్సను పెట్టెను చూచియుందురు. తెల్లరంగు వేసిన కొయ్యపెట్టె. ప్రక్కలయందు రేకులవలె ఏటవాలుగా బిగించిన రెండు వరుసల బద్దలు. క్రింద పొడవైన కాళ్లు. ఎండయు వానయు లోపలి తాపమాపకములను తాకవు, గాలి మాత్రము ఎల్లప్పుడు ఆడుచుండును. దీనిని కల్పించినవాడు స్కాట్లండు దేశపు దీపస్తంభముల ఇంజనీరగు థామస్ స్టీవెన్సను (1818–1887). 'ట్రెజర్ ఐలండ్' అను కథను వ్రాసిన రాబర్టు లూయీ స్టీవెన్సను ఈయన కుమారుడే. నోవహు ఓడకు కూడ కీలుతో పాటు ఒక కిటికీ యుండెనని మా ఆదివారపు బడి పిల్లలు వెంటనే చెప్పుదురు.

ఇక అంగడికి పోవుదము. పెట్టెపై ఐ.పి. అను అక్షరములును వానిప్రక్క రెండంకెలును అచ్చువేయబడి యుండును. అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు 60529 అను సంఖ్యగల ప్రమాణములో ఈ యంకెల కర్థమును నిర్ణయించిరి. మన దేశమును దానినే స్వీకరించినది. మొదటి యంకె గట్టి వస్తువులను గూర్చినది, 0 మొదలు 6 వరకు. 2 అనగా వ్రేలు లోపలికి పోయి కరెంటు తగులు భాగమును అంటజాలదు. 12½ మిల్లీమీటర్ల గుండు దూరదు. 4 అనగా ఒక మిల్లీమీటరు తీగెయు దూరదు. 5 అనగా కొంత దుమ్ము చొచ్చినను పనికి చెరుపు కలుగదు. 6 అనగా దుమ్ము బొత్తిగా చొరదు. రెండవ యంకె నీటిని గూర్చినది. 4 అనగా ఏ వైపునుండి చిందినను భయము లేదు. 5 అనగా గొట్టముతో కొట్టినను భయము లేదు. 7 అనగా ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగియుండినను లోపలికి హాని చేయునంత నీరు పోదు.

ఈ రెండంకెలు చెప్పని సంగతులును కలవు. తుప్పు పట్టునా, ఎండకు పెళుసగునా, లోపల ఎంత వేడెక్కును — వీనిలో నొక్కటియు ఐ.పి. అంకెలలో లేదు. అమెరికా దేశమున 'నెమా' వారి పట్టికలో 4ఎక్స్ అను తరగతి తుప్పును గూర్చి కూడ చెప్పును గాని మన అంగళ్లలో అది అరుదు. వరద విషయములోను ఈ యంకెలను నమ్ముకొనరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోని కొన్ని పేటలలో నీరు దినముల తరబడి నిలిచినది. అరగంట పరీక్షకు నిలిచిన పెట్టె దినముల తరబడి మునిగి యుండుటకు చేయబడినది కాదు. పల్లపు చోట్ల మంచి ఉపాయము ఎత్తు మాత్రమే: పూర్వము వచ్చిన వరద గోడమీద విడిచిన మరకను చూచి, దానికి పైగా పెట్టెను బిగింపవలెను. ఆ మరకను సున్నము వేసి కప్పకముందే కొలిచి వ్రాసి యుంచుట మంచిది.

వేడి విషయమున కొంచెము నిలిచి లెక్క వేయుదము. పెట్టెలలోని వస్తువులు చెడుటకు మేమెరిగినంతలో నీటికంటె ఇదియే తరచుగా కారణమగుచున్నది. విద్యుత్పరికరము తీసికొనిన శక్తి తుదకు వేడిగా మారును. మోటారైన నడుమ నీరెత్తును, దీపమైన వెలుతురునిచ్చును. స్విచ్చియు, రికార్డరును, చిన్న యు.పి.ఎస్.యు చేరి పెట్టెలో 100 వాట్లు ఖర్చు చేసిన యెడల, ఆ 100 వాట్లును పెట్టెలోనే వేడియై నిలుచును. కదలక కూర్చున్న మనుష్యుని శరీరము విడుచు వేడియు సుమారింతే. అనగా ఒక విద్యార్థిని ఇనుపపెట్టెలో కూర్చుండబెట్టి తలుపు మూసినట్లు.

రంగు వేసిన ఇనుపరేకు, లోపలికిని బయటికిని ఒక డిగ్రీ తాపభేదమున్నప్పుడు, చదరపు మీటరు ఒక్కింటికి సుమారు 5½ వాట్ల వేడిని బయటికి విడుచును. గోడకు తగిలించు సామాన్యమైన పెట్టె యొకటి 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు, 50 ఎత్తు కలదనుకొందము. ఎదుటి తలుపు 0.30, రెండు ప్రక్కలు 0.45, పైకప్పు 0.27, మొత్తము 1.02 చదరపు మీటర్లు. గోడ కానుకొన్న వెనుకభాగమును అడుగును విడిచితిమి. దీనినిబట్టి, పూర్తిగా మూసిన పెట్టెనుండి 100 వాట్ల వేడి వెలువడవలెనన్న లోపలి గాలి గదికంటె సుమారు 18 డిగ్రీలు హెచ్చుగా నుండవలెను. రెంటచింతలలోను కొత్తగూడెములోను మే నెలలో నీడయందే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అంత వలదు, గది 40 డిగ్రీలు మాత్రమే యనుకొనినను పెట్టెలోపల 58. చిన్న స్విచ్చుల వెంట వచ్చు కాగితము చదివిన యెడల, చుట్టునున్న గాలి 40 లేక 50 డిగ్రీలకు మించరాదని యుండును. సీసపు బ్యాటరీ మాట మరింత విచారకరము: 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకును దాని ఆయుర్దాయము సుమారు సగమగును.

మేమెరిగిన యొక పాఠశాలలో కంప్యూటరుల గదికి ఐ.పి. 65 గల ఖరీదైన పెట్టెను తెప్పించిరి. ఖరీదెక్కువ గనుక మేలైనదని వారి తలంపు. ఏప్రిలు నెల వచ్చుసరికి ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు ఇంటర్నెట్టు ఆగిపోవుటయు, దీపములు పెట్టు వేళకు దానంతట అదియే వచ్చుటయు జరిగినది. ఇంటర్నెట్టు ఇచ్చువారిని రెండు వారములు నిందించిరి. తరువాత ఎవరో పెట్టె తలుపు తెరచి పెట్టగా ఆ దినము ఆగలేదు. గది లోపల వాన లేదు, నీటిగొట్టము లేదు. 65 అను అంకెకు అచ్చట పని యేమియు లేదు. తాళము వేయు గదిలో ఐ.పి. 20 గల, తలుపునిండ రంధ్రములున్న పెట్టెయే మేలు. అంగళ్లలో తరచుగా కనబడు అద్దపు తలుపు చూపునకు బాగుండును గాని గాలికి అడ్డము. అద్దమే కావలెనన్న ప్రక్కలయందైన రంధ్రములుండి, పైన పంకా యుండవలెను. 100 వాట్ల వేడిని గదికంటె 10 డిగ్రీలు మాత్రమే హెచ్చుగా నిలుపుటకు గంటకు సుమారు 30 ఘనమీటర్ల గాలి చాలును. 12 సెంటీమీటర్ల చిన్న పంకా యొకటి అంతకుమించి త్రోయగలదు. అయితే చల్లనిగాలి అడుగునుండి చొచ్చి వేడిగాలి పైనుండి వెలువడునట్లు దారి యుండవలెను. పైనను క్రిందను దారి లేక పంకా మాత్రము తిరిగిన, ఉన్న గాలియే లోపల తిరుగుచుండును.

పాఠశాలలలో మరియొక శత్రువున్నది, అది సుద్దముక్క. నల్లబల్ల తుడిచిన పొడి పంకా వెంట పెట్టెలోనికి పోయి సన్నని తెల్లపొరయై నిలుచును. గాలి చొచ్చుచోట వడపోత గుడ్డ పెట్టి నెలకొకసారి దులుపుట అవసరము. నల్లబల్లకు దూరముగా పెట్టెను బిగించుట అంతకంటె సుళువు. సైన్సు గదిలోని తాపమాపకము నొకదానిని పెట్టెలో నుంచి, ఎనిమిదవ తరగతివారిచేత ఉదయము పదినుండి సాయంకాలము నాలుగువరకు గంటగంటకును వ్రాయించిన, మేము పైన వేసిన లెక్క సరియో కాదో వారే చెప్పగలరు. తలుపు తెరచుటకు మాత్రము ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను.

స్విచ్చులు మొదలగువానిని వరుసగా బిగించు చట్రమును ర్యాకు అందురు. దాని వెడల్పు 19 అంగుళములు, అనగా 482.6 మిల్లీమీటర్లు. గత శతాబ్దపు తొలి భాగమున అమెరికా టెలిఫోను ఆఫీసులలో వాడుకలోనికి వచ్చిన ఈ కొలత నేటికిని మారలేదు. ఏ దేశములో చేసిన వస్తువైనను ఈ చట్రములో కుదురును. ఎత్తును 'యు' అను కొలతతో లెక్కింతురు. ఒక యు 1¾ అంగుళము, 44.45 మిల్లీమీటర్లు. చిన్న పాఠశాలకు 6 లేక 9 యు చాలును. నేడున్న వస్తువులకు కావలసినదానికంటె మూడవవంతు హెచ్చుగా తీసికొనుట తెలివి. మోసపోవునది లోతు విషయమున. 45 సెంటీమీటర్ల పెట్టెను కొని తెచ్చిన పిమ్మట రికార్డరును దాని వెనుక తీగెలును పట్టక తలుపు మూతపడనిచోట్లు కలవు. వస్తువును ముందు కొలిచి, తీగెలు వంగుటకు మరి పది సెంటీమీటర్లు చేర్చి, అప్పుడు పెట్టె నడుగవలెను. బరువైన యు.పి.ఎస్.ను ఎల్లప్పుడు అడుగుననే పెట్టవలెను. పాత మిషను కట్టడములలో మట్టితో కట్టి సున్నపుపూత పూసిన గోడలున్నవి; అట్టి గోడలో చిన్న మేకులపై బరువు పెట్టెను వ్రేలాడదీయుటకంటె నేలపై కాళ్లమీద నిలుపుట క్షేమము. నీటి బ్యాటరీలను మాత్రము మూసిన పెట్టెలో పెట్టనే రాదు. ఛార్జి యగునప్పుడు వానినుండి ఉదజని వాయువు వెలువడును, ఒక నిప్పురవ్వ చాలును.

ఆరుబయట పెట్టవలసిన పెట్టెకు న్యాయము వేరు. ద్వారముకడ స్తంభముపై కెమేరా పెట్టెకు ఐ.పి. 65 తగును. సముద్రతీరమున, అనగా భీమునిపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి చోట్ల, ఉప్పుగాలి రంగు పూసిన ఇనుమును గీత పడినచోటనెల్ల తినివేయును. స్టెయిన్‌లెస్ స్టీలులోను 304 అను రకమునకు ఉప్పుగాలిలో మచ్చలును గుంటలును పడును. మాలిబ్డినము కలిసిన 316 రకము నిలుచును గాని ధర హెచ్చు. అచ్చట గాజునార కలిపిన ప్లాస్టికు పెట్టెలే పేదవారికి తగినవని మా యభిప్రాయము. అవి తుప్పు పట్టవు. వానిలోనుండి వైఫై తరంగములు కూడ బయటికి పోవును. ఇనుపపెట్టెలో వైఫై రౌటరును పెట్టి తాళము వేసి, ప్రక్కగదికి ఇంటర్నెట్టు రాలేదనుట దీపమును కుంచము క్రింద పెట్టి గది చీకటిగా నున్నదనుట వంటిది. ప్లాస్టికు కొనునప్పుడు ఎండకు తాళునదియేనా యని అడుగవలెను. ఏ పెట్టెయైనను రంగు తెలుపైన మేలు. పైన వేరుగా ఒక రేకు గొడుగువలె నిలిపిన ఎండ నేరుగా తగులదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినప్పుడు స్తంభములే నేల కూలినవి. అట్టి గాలికి పెట్టెలోని రబ్బరు పట్టీ ఏమి చేయగలదు?

ఐ.పి. 65 పెట్టెను కొని, తీగె కొరకు పైభాగమున రంధ్రము చేసినవాడు ఆ క్షణమే దానిని మామూలు డబ్బాగా చేసినాడు. తీగెలు అడుగునుండియే రావలెను. రంధ్రమునకు సరిపోవు గ్లాండుతో బిగింపవలెను. వాడని రంధ్రములను మూయవలెను. తీగె పెట్టెలోనికి పోవుటకు ముందు కొంచెము క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి లేచునట్లు పెట్టిన, వాననీరు ఆ వంపునుండి నేలమీదికి జారిపోవును. పైసా ఖర్చు లేదు. రంధ్రములు మూయుట వానకొరకే కాదు. బల్లి వెచ్చదనమునకు చేరి రెండు తీగెల నడుమ పడి చచ్చును. కందిరీగ మట్టితో గూడు కట్టును. చీమలు కాంటాక్టుల నడుమ పుట్ట పెట్టును. ఎలుక తీగెపై తొడుగును కొరుకును. నూతికడ స్టార్టరు పెట్టె తెరచినవారికి ఈ జంతుశాస్త్రమంతయు తెలిసినదే.

ఇంతవరకు వస్తువులను గూర్చి చెప్పితిమి. రెండవ పనియగు పిల్లల భద్రత విషయమున ఒక్క సంగతిని తలిదండ్రులును యాజమాన్యమువారును మరువరాదని కోరుచున్నాము. ఎర్తు లేని ఇనుపపెట్టె, పెట్టె లేకపోవుటకంటె అపాయకరము. తీగెలు బయట కనబడిన పిల్లవాడు భయపడి దూరముగా పోవును. చక్కగా రంగు వేసిన పెట్టెపై వాడు చేయి వేయును, ఆనుకొనును, వానలో దానిప్రక్క నిలుచును. లోపల నొక తీగె తొడుగు అరిగి రేకును తాకిన, 230 వోల్టులు పెట్టెయంతటను ఉండును. చూచుటకు మాత్రము ఏ మార్పును లేదు. ఎర్తు తీగె సరిగానున్న యెడల ఆ కరెంటు భూమికి పరుగెత్తును, ఫ్యూజు పోవును లేక బ్రేకరు పడును. దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను సాధనమును పెట్టిన, అంత స్వల్పమైన కరెంటు దారి తప్పినను క్షణములో సరఫరా ఆగును. దానిపై 'టెస్టు' అను మీట యుండును. నెలకొకసారి నొక్కి చూడవలెను. పెట్టెకు ఎర్తు ఇచ్చి తలుపును మరచువారు పెక్కుమంది. తలుపు కీలుల నడుమ రంగు పొర యుండును గనుక కరెంటునకు అది నమ్మదగిన దారి కాదు. పెట్టెనుండి తలుపునకు ఆకుపచ్చ పసుపు చారలుగల మెత్తని తీగె వేరుగా బిగింపవలెను. వీధులలో తలుపు లూడిపోయి, పిల్లల చేతికందు నెత్తున తీగెలు వ్రేలాడు పెట్టెలు చూచుచునే యున్నాము. అట్టివానిని తాకవద్దని, వానలో వాని దగ్గర నిలువవద్దని, పెద్దలకు వెంటనే చెప్పవలెనని పిల్లలకు నేర్పుడు. పెద్దలు చెప్పవలసినచోట చెప్పవలెను, మరల మరల చెప్పవలెను.

తాళపుచెవి మాట మిగిలినది. స్విచ్చులును రికార్డరును ఉన్న పెట్టెకు తాళము వేయవచ్చును. కరెంటు నంతటిని ఆపు మెయిన్ స్విచ్చికి మాత్రము తాళము వేసి తాళపుచెవిని హెడ్మాస్టరు గారి జేబులో నుంచరాదు. షాకు తగిలి పిల్లవాడు పెట్టెను పట్టుకొని యున్నప్పుడు తాళపుచెవి కొరకు పరుగెత్తు సమయ ముండదు. పిల్లలకందని ఎత్తున, పెద్దలకు చేయి చాచిన అందునట్లు, దాని నుంచవలెను; బడిలోని ప్రతి ఉపాధ్యాయుడును, అటెండరును, వంటవారును అది ఎచ్చటనున్నదో ఎరిగియుండవలెను. స్విచ్చిబోర్డు ఎదుట కనీసము ఒక మీటరు చోటు ఖాళీగా నుండవలెనని మన దేశపు విద్యుద్భద్రతా నిబంధన. పాఠశాలలలో ఆ మీటరు చోటుననే విరిగిన బల్లలును, పాత జవాబు పత్రముల మూటలును, ఆటల పందెముల జెండాకర్రలును చేరుచుండును. మా బడిలో జూను నెలలో తలుపులు తెరచిన మొదటివారమున ఆ చోటును ఖాళీ చేయించి, నేలపై పసుపు రంగుతో గీత గీయించుచున్నాము.